డిగ్రీలతో పాటు చేతిపనీ నేర్పాలి

టాంజానియా వంటి ఎదుగుతున్న ఆఫ్రికా దేశాలను నేడు వెనక్కి లాగుతున్నది యంత్రాల కొరత కాదు, వాటిని నడిపి బాగుచేయగల సాంకేతిక నిపుణుల కొరత. అక్కడ డార్ ఎస్ సలామ్ నుంచి డొడొమాకు 2024లో విద్యుత్ రైళ్లు మొదలయ్యాయి. రుఫీజీ నదిపై 2,115 మెగావాట్ల జూలియస్ నైరేరే జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. వీటిని ఏళ్ల తరబడి కాపాడవలసింది స్థానిక ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లే. డార్ ఎస్ సలామ్‌లోని ఒక కర్మాగారంలో నేను నిర్వహణ విభాగంలో పనిచేసిన కాలంలో, కంట్రోల్ ప్యానెల్ చెడిపోతే విదేశం నుంచి నిపుణుడు వచ్చేదాకా ఉత్పత్తి ఆగిపోయేది. అక్కడి యువకులకు తెలివి లేక కాదు, ఆ ప్యానెల్ తెరిచే అవకాశం వారికి ఎవరూ ఇవ్వలేదు. సర్టిఫికెట్లతో వచ్చినవారిలోనూ చాలామంది పాతకాలపు యంత్రాలపైనే నేర్చుకున్నారు. మన దేశం 2023లో టాంజానియాలో భాగమైన జాంజిబార్‌లో ఐఐటీ మద్రాస్ ప్రాంగణం తెరవడం ఎంతో మంచి పని. కానీ ఒక ఇంజనీరు వెనుక పదిమంది పనిమంతులు ఉండాలి కదా! ఇతర దేశాలకు సాంకేతిక, ఆర్థిక సహకారం అందించేందుకు భారత్ 1964 నుంచి నడుపుతున్న ఐటెక్ పథకం కింద మన ఐటీఐ బోధకులను అక్కడి శిక్షణ కేంద్రాలకు పంపాలి. అక్కడ కాంట్రాక్టులు పొందే భారతీయ కంపెనీలు స్థానికులను అప్రెంటిస్‌లుగా తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి, మరమ్మతులు వారి చేతనే చేయించాలనే షరతును ఒప్పందంలోనే రాయాలి.

– ఒక విశ్రాంత మెకానికల్ ఇంజనీరు, విశాఖపట్నం