మన మిద్దెతోటల సంఘం, గుంటూరు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందుగా చెప్పవలసింది నారు సంగతే. నిరుడు షేడ్‌నెట్ కింద పెంచిన మిరప, టమాటా, వంగ నారును ట్రేల్లోంచి తీసి నేరుగా మీ చేతుల్లో పెట్టాం. చూడటానికి ఏపుగా, పచ్చగా ఉంది. మిద్దె మీద నాటిన మూడో రోజుకే ఆకులపై తెల్లని మచ్చలు లేచాయి, ముట్టుకుంటే ఎండుకాగితంలా చిట్లిపోయాయి. తెగులనుకొని కొందరు మందు కూడా కొట్టారు. అది తెగులు కాదు, ఎండదెబ్బ. తప్పు పూర్తిగా మాదే, మన్నించండి.

నీడలో పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది. గాలి తగలని కాండం సన్నగా సాగిపోతుంది. అలాంటి మొక్కకు సిమెంటు మిద్దె సెగ, వడగాలి ఒక్కసారిగా తగిలితే వేళ్లు అందించే నీటికన్నా ఆకులు వదిలే నీరే ఎక్కువవుతుంది. చలిదేశాల్లో నారును బయటి చలికి అలవాటు చేస్తారు. మన గుంటూరులో అలవాటు చేయవలసింది ఎండకు.

అందుకే ఈసారి 25 రోజుల నారును వెంటనే పంచకుండా మరో 10 రోజులు మా దగ్గరే ఉంచుకున్నాం. మొదటి రెండు రోజులు ఉదయం గంట సేపే ఎండ, ఆపైన రోజుకో గంట ఎక్కువ. యూరియా ఆపేశాం. నీళ్లు తగ్గించాం గానీ మానలేదు. 98 గుంతల ట్రేలో కొబ్బరిపొట్టు ఇట్టే ఆరిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం ఎవరో ఒకరు వెళ్లి వేలుపెట్టి చూడక తప్పలేదు. వంతులు వేసుకొని ఆ ఎండలో వచ్చిన సభ్యులకు సంఘం రుణపడి ఉంది. ఎనిమిదో రోజుకు టమాటా కాండం ఊదారంగుకు తిరిగింది, ఎండకు అలవాటు పడుతోందనడానికి అదే గుర్తు. వేలితో వంచితే మళ్లీ నిటారుగా లేచింది. ఆ రోజు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఈ నారు పొట్టిగా కనిపిస్తుంది, చిన్నబుచ్చుకోకండి.

బీర, సొర నారు ఇవ్వలేదు. వాటి వేళ్లు కదిపితే ఓర్చుకోవు, గింజలే పంచాం.

కంపోస్టు శిక్షణ, విత్తనాల మార్పిడి యథావిధిగా జరిగాయి. లెక్కలు వేరుగా జతచేశాం.

రోహిణి కార్తెలో నారు పంచబోము. మృగశిర చినుకులు పడ్డాక పంచుతాం, సాయంత్రం పూటే నాటండి. పాత ట్రేలు ఇళ్లలో ఉంటే కడిగి, ఎండబెట్టి తెచ్చివ్వగలరు.

కార్యదర్శి