జనరేటర్ గవర్నర్ పార్టులు విడిగా ఇవ్వరు, ఇచ్చినా బిల్లు ఇవ్వరు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను గాజువాకలో డీజిల్ జనరేటర్లు రిపేర్ చేస్తుంటాను. తుఫాను వచ్చిందంటే ఎన్ని స్తంభాలు పడ్డాయి, ఏ ఏరియాలో కరెంటు లేదు అని మీ పేపర్లో రాస్తారు, మంచిదే, కానీ అదే టైంలో అపార్ట్‌మెంట్ కింద జనరేటర్ ఎందుకు మొరాయిస్తుందో, దాని వెనక హోల్‌సేల్ షాపుల సంగతేంటో ఎవరూ రాయట్లేదండి.

గవర్నర్ అంటే ఇంజిన్ స్పీడ్‌ని ఒకేలా నిలబెట్టే ఏర్పాటు. ఊళ్లో ఎక్కువగా ఉన్న పాత ఎలక్ట్రానిక్ గవర్నర్ జనరేటర్లలో స్పీడ్ చూసేవి మూడు ముక్కలే. ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం దగ్గర పికప్ సెన్సార్ ఉంటుంది, ఆ చక్రం అంచున ఉన్న రింగ్ గేర్ పళ్లు ఎంత స్పీడుగా పోతున్నాయో చూసి గవర్నర్ కార్డుకి, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుకి, సిగ్నల్ ఇస్తుంది, కార్డు యాక్చుయేటర్‌ని కదుపుతుంది, యాక్చుయేటర్ డీజిల్ పెంచుతుంది తగ్గిస్తుంది. ఇంజిన్ 1500 ఆర్పీఎం మీద నిలబడితేనే 50 హెర్ట్జ్ కరెంటు. ఈ మూడింట్లో ఏది తేడా కొట్టినా ఇంజిన్ హంటింగే, సౌండ్ పైకి కిందికి ఊగుతుంది, లైట్లు కొట్టుకుంటాయి, లిఫ్టులో ఉన్నోళ్లు దేవుణ్ణి తలుచుకుంటారు.

ఇప్పుడు అసలు గొడవ. పికప్ ఒక్కటే పోయిందనుకోండి, చిన్న బోల్టులా ఉండే ముక్క, హోల్‌సేల్ షాపుకెళ్తే విడిగా లేదు, కార్డు యాక్చుయేటర్ కలిపి సెట్ తీస్కో అంటారు, లేదంటే చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో పార్సిల్ రావాలి వెయిట్ చెయ్ అంటారు. జనరేటర్ ఆగిపోయి పైన ట్యాంకులో నీళ్లు అయిపోయినోడు వెయిట్ చేస్తాడా? అప్పుడు కౌంటర్ కింద నుంచి పేరూ ఊరూ లేని తెల్ల డబ్బా ఒకటి బయటికొస్తుంది. ఎంఆర్పీ ఉండదు, ఇంపోర్ట్ చేసిందెవరో ఉండదు, బిల్లు అడిగితే ఎలక్ట్రానిక్ ఐటమ్‌కి గ్యారంటీ లేదు బిల్లెందుకు అని మనకే ఎదురు ప్రశ్న.

ఆ డబ్బాలోని పికప్ బిగించాక ఏమవుద్దో చెప్తా. స్టార్టర్ కొడుతూ పికప్ వైర్లకి మల్టీమీటర్ ఏసీలో పెట్టి చూస్తే కనీసం ఒక వోల్టు రావాలి, పికప్‌కీ గేర్ పళ్లకీ మధ్య గ్యాప్ సరిగ్గా పెట్టినా అది రాదు. సిగ్నల్ లేకపోతే కార్డు దృష్టిలో ఇంజిన్ తిరగనట్టే, డీజిల్ వదలదు, స్టార్టర్ మోటార్ గిర్రున తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. వాచ్‌మన్ బ్యాటరీ వీకంటాడు, సెక్రటరీ గారు కొత్త బ్యాటరీ కొంటారు, అయినా స్టార్ట్ కాదు, చివరికి తిట్లు మాత్రం మెకానిక్‌కి. 12 వోల్టుల యాక్చుయేటర్‌ని 24 అని అంటగట్టిన కేసులూ చూశాను, అది వేరే కథ.

నాకు అర్థం కానిది ఏంటంటే ఈ సరుకుకి డిమాండ్ ఎప్పుడొస్తుందో వీళ్లకి క్యాలెండర్ చూసినంత క్లియర్‌గా తెలుసు కదండీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసుంటాయి, ఇంజిన్ పనులు అప్పుడే పెట్టుకుంటారు, మెకానికల్ గవర్నర్ స్ప్రింగులు వెయిట్లు అడుగుతారు. తర్వాత అక్టోబర్ నవంబర్ తుఫాన్లు, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, ఈ ఊళ్లో ఆ తేదీ మర్చిపోయినోళ్లు ఉండరు. అయినా సెప్టెంబర్లో ఎవరి షెల్ఫ్ చూసినా ఖాళీ, కొరత వచ్చాక రేటు వాళ్లిష్టం. స్టాకు పెడితే డబ్బు ఇరుక్కుపోతుందంటారు, ఖరీదైన కార్డుల విషయంలో ఒప్పుకుంటాను, పికప్‌లకి ఎంత ఇరుక్కుంటుంది చెప్పండి.

తూనికలు కొలతల శాఖ వాళ్లు కిరాణా కాటాలతో పాటు ఈ షాపుల్లో డబ్బాలు కూడా తిప్పి చూడాలి, రిటైల్‌గా అమ్మే ఇంపోర్టెడ్ ప్యాకెట్ మీద ఇంపోర్టర్ పేరు, అడ్రసు, ఎంఆర్పీ ఉండాలని 2011 రూల్సే చెప్తున్నాయి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల చట్టంలో తప్పు కిందే రాశారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గార్లు పార్ట్ నంబర్ వేసిన బిల్లు లేకుండా మాకు డబ్బులివ్వకండి, మాకు కోపం రాదు, అప్పుడే మేం కూడా షాపులో గట్టిగా అడగగలం.

ఒరిజినల్ పికప్ ఒక్కటైనా విడిగా, బిల్లు మీద ఇచ్చే హోల్‌సేల్ వాళ్లు వైజాగ్‌లో ఎవరైనా ఉంటే మీ పేపర్ ద్వారానే చెప్పమనండి, రేపట్నుంచే అక్కడికి వెళ్తాం.

ఇట్లు,
ఒక జనరేటర్ మెకానిక్,
గాజువాక, విశాఖపట్నం