వార్షిక నివేదిక: మన మొదటి లిబ్రేఆఫీస్ స్ప్రింట్

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది నెలవారీ సమావేశాలు, లినక్స్ ఇన్‌స్టాల్ శిబిరాలు ఎప్పటిలాగే సాగాయి. వాటి గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు కాబట్టి, వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో రెండు రోజులు జరిపిన స్ప్రింట్‌కే (అందరూ ఒకచోట చేరి ఒకే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే శిబిరానికే) ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

లిబ్రేఆఫీసే ఎందుకని కొందరు అడిగారు. పత్రాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే ఈ సాఫ్ట్‌వేర్ 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి వేరుపడింది. ఇందులో కోడ్ రాసేవాళ్లకూ, రాయనివాళ్లకూ చేతినిండా పని ఉంటుంది. పెద్ద వెర్షన్లు ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో వస్తాయి. మనం చేసింది జనం చేతికి ఎప్పుడు వెళ్తుందో ముందే తెలిస్తే వచ్చినవాళ్లకు ఉత్సాహంగా ఉంటుంది.

కోడ్ బృందానికి ఒకే షరతు పెట్టాం: బిల్డ్ (సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ను తయారుచేయడం) ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని రావాలి. లిబ్రేఆఫీస్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయడం మామూలు ల్యాప్‌టాప్‌లో గంటల పని, డిస్కులో పదుల జీబీ ఖాళీ కావాలి. శనివారం పొద్దున వచ్చి మొదలుపెడితే ఆ రోజంతా స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే. షరతు పాటించినవాళ్లు 'ఈజీ హ్యాక్స్' జాబితాలోని చిన్న పనులు తీసుకుని ఆదివారానికల్లా ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు) సిద్ధం చేశారు. తీరా వాటిని కోడ్ మార్పులు సమీక్షించే గెరిట్ సర్వర్‌కు పంపబోతే, అది వాడే 29418 పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) మేం కూర్చున్న ల్యాబ్ ఫైర్‌వాల్ ఆపేసింది. కాసేపు టెన్షన్ పడ్డాక ఫోన్ హాట్‌స్పాట్లతో గట్టెక్కాం. ఈసారి వేదిక ఖాయం చేసేముందే ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పోర్టులు చూసి రావాలి.

తెలుగు అక్షరాల బగ్‌లు వెతికే బల్ల దగ్గర మాత్రం సందడే సందడి. 2017 నాటి 5.3 వెర్షన్ నుంచి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ భాగానిదే. అందుకని ఒత్తు పక్కకు జరిగిందనగానే బగ్‌లు నమోదు చేసే బగ్జిల్లా సైటుకు పరుగెత్తొద్దని, ముందు అదే వాక్యాన్ని నోటో, రామభద్ర ఫాంట్లు రెంటిలోనూ పెట్టి చూడమని చెప్పాం. ఒకదాంట్లోనే తేడా వస్తే చాలావరకు తప్పు ఫాంట్‌దే. ఈ చిన్న పరీక్షతోనే సగం ఫిర్యాదులు బల్ల మీదే ఆగిపోయాయి.

లిబ్రేఆఫీస్ మెనూల, సందేశాల తెలుగు అనువాదం వెబ్లేట్ అనే వెబ్‌సైటులో చేశాం. అక్కడ కొత్తవాళ్లను తికమకపెట్టింది పేజీ సంఖ్య చూపే వాక్యం. ఇంగ్లీషులో ఇప్పుడున్న పేజీ ముందు, మొత్తం తర్వాత వస్తాయి. తెలుగులో మొత్తమే ముందు రావాలి. వాక్యంలో ఈ అంకెల చోట %1, %2 అని ఉంటాయి. వాటిని తారుమారు చేయకపోతే '10లో 3వ పేజీ' కాస్తా '3లో 10వ పేజీ' అయి కూర్చుంటుంది. సమీక్షకుడు దాన్ని ప్రొజెక్టర్ మీద చూపించాక, మిగతావాళ్లూ తమవి వెనక్కి వెళ్లి సరిచూసుకున్నారు.

ఇక మన లోటు కూడా ఆ సమీక్ష దగ్గరే బయటపడింది. కొత్తవాళ్లు రాసినదాన్ని సూచనగానే చేర్చమన్నాం, అనుభవం ఉన్నవాళ్లు చూశాకే ఆమోదం. అలా చూసేవాళ్లు ఇద్దరే. ఆదివారం సాయంత్రం అందరూ ఫొటో దిగి వెళ్లేసరికి సూచనలు గుట్టగా మిగిలాయి. వాటిని తేల్చడానికి ఆ ఇద్దరికీ తర్వాత చాలా రాత్రులు పట్టింది. రాసింది ఆమోదం పొందిందని కబురు అందేలోపే కొందరు కొత్తవాళ్లకు ఆసక్తి చల్లారిపోయింది.

వచ్చేసారి పెద్ద హాలు తీసుకుందామని, సర్టిఫికెట్లు కూడా ఇద్దామని సూచనలు వచ్చాయి. కార్యవర్గం ఒప్పుకోలేదు. బల్లకొక సమీక్షకుడు దొరికేదాకా జనాన్ని పెంచకూడదనీ, రెండో రోజు మధ్యాహ్నం నుంచి కొత్త అనువాదాలు ఆపి అందరూ సమీక్షలోనే కూర్చోవాలనీ నిర్ణయించాం.

ఖర్చులో పెద్దపద్దు భోజనాలు, టీలదే. తర్వాతిది ఎక్స్‌టెన్షన్ బోర్డులది, అవి సంఘం బీరువాలో భద్రంగా ఉన్నాయి. పూర్తి లెక్కలు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. సమీక్షకులుగా ఉండగలిగినవాళ్లు ఆ రోజే పేరు ఇస్తే, స్ప్రింట్‌కు ముందే వెబ్లేట్‌లో అనుమతులు ఇప్పిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి