పరీక్షకు వచ్చినవాళ్లను వెనక్కి పంపకండి

సంపాదకులకు నమస్కారం.

హెపటైటిస్ (వైరస్ వల్ల వచ్చే లివర్ జబ్బు), హెచ్‌ఐవీ లాంటి జబ్బుల ముప్పు ఉన్న పెద్దలు పరీక్షలకు ముందుకు రావడం లేదని, అవగాహన లేకపోవడమే దీనికి కారణమని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పరీక్షలు జరగడం లేదన్నది నిజమే. 2022లో ప్రపంచం మొత్తం మీద 25.4 కోట్ల మందికి హెపటైటిస్ బి, 5 కోట్ల మందికి హెపటైటిస్ సి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బి ఉన్నవాళ్లలో పరీక్షలో ఆ సంగతి బయటపడింది 13 శాతం మందికే, సి ఉన్నవాళ్లలో 36 శాతం మందికే. నా అభ్యంతరమల్లా ఆ కారణం గురించే. నాకు అవగాహన ఉంది. అయినా పరీక్ష చేయించుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

1986లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ప్రమాదం తర్వాత రక్తం ఎక్కించారు. హెపటైటిస్ సి వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. అంతకుముందు ఎక్కించిన రక్తంలో అది ఉందో లేదో చూసే దారి ఎవరికీ లేదు. అందుకు నేను ఎవరినీ తప్పు పట్టను, ఆ రక్తమే లేకపోతే నేను బతికేవాణ్ణి కాదు. పెద్దయ్యాక ఈ విషయం ఒక పత్రికలో చదివి, నేనూ ఈ లెక్కలోకే వస్తానని గ్రహించాను. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోయేదాకా అది అక్కడే ఉంది. ఒంట్లో ఏ బాధా లేదు. ఆకలి, నిద్ర మామూలుగానే ఉన్నాయి. లేని టెన్షన్ కొని తెచ్చుకోవడం ఎందుకని వాయిదా వేస్తూ వచ్చాను.

చివరికి ధైర్యం చేసి ఒక ల్యాబ్‌కు వెళ్లాను. అద్దం అవతల కూర్చున్న వ్యక్తి "హెపటైటిస్ టెస్టా? మీకెందుకండీ అది?" అని గట్టిగా అడిగాడు. నా వెనక లైన్‌లో ఐదారుగురు ఉన్నారు. ఒకాయన ఫోన్ చూడటం ఆపి నావైపు చూశాడు. "తర్వాత వస్తాలెండి" అని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఏడాదిన్నర దాకా మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు.

చివరికి పరీక్ష జరిగింది వేరేచోట, వేరే పని మీద వెళ్లినప్పుడు. బీపీ చూస్తూ నర్సు, "పెద్దవాళ్లందరికీ షుగర్‌తో పాటు హెపటైటిస్, హెచ్‌ఐవీ కూడా చూస్తున్నామండి. వద్దనుకుంటే చెప్పండి" అంది. గది తలుపు వేసి ఉంది. ఎందుకు, ఏమిటి అని నన్నేమీ అడగలేదు. సరేనన్నాను. అంతే.

హెపటైటిస్ సి ఉందని తేలింది. 12 వారాలు మాత్రలు వేసుకున్నాను, వైరస్ పూర్తిగా పోయింది. ఇప్పుడున్న మందులతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. కానీ నా లివర్‌లో అప్పటికే సిర్రోసిస్, అంటే మచ్చలు కట్టి గట్టిపడటం, మొదలైంది. వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్‌కు వెళ్తూనే ఉన్నాను. వెళ్లిన ప్రతిసారీ ఆ ఆరేళ్లు గుర్తొస్తాయి.

అందుకే అడుగుతున్నాను, 'మీకెందుకు' అన్న ప్రశ్న మానేయండి. ముప్పు ఉన్నవాళ్లు రావాలని బోర్డు పెడితే, ఆ బోర్డు కింద నిలబడటానికి ఎవరికి మనసొప్పుతుంది? అసలు తమకు ముప్పు ఉందని తెలియనివాళ్లే ఎక్కువ. భర్తకు హెచ్‌ఐవీ ఉన్న సంగతే తెలియని భార్య తనకు తానుగా ఏ లైన్‌లో నిలబడుతుంది? వచ్చిన ప్రతి ఒక్కరికీ మామూలుగా పరీక్ష చేస్తామని చెప్పి, వద్దనే హక్కు వాళ్లకు వదిలేయడమే మేలు. అమెరికాలో 13 నుంచి 64 ఏళ్ల వాళ్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష ఇలాగే చేయాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2006లోనే సిఫారసు చేసింది.

వచ్చినవాళ్లు కూడా మధ్యలో జారిపోతున్నారు. హెపటైటిస్ సి మొదటి పరీక్షలో కనిపించేది యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు మాత్రమే. జబ్బు నయమైనా అవి ఒంట్లో ఉండిపోతాయి, నాకూ ఉన్నాయి. వైరస్ ఇంకా ఉందో లేదో తెలియాలంటే రెండో పరీక్ష చేయాలి. దానికోసం మళ్లీ రండి, మళ్లీ రక్తం ఇవ్వండి అంటే భయపడి ఉన్న మనిషి రాడు. మొదటిసారి తీసిన రక్తంతోనే రెండోదీ చేసేయొచ్చు. ఇది ల్యాబ్‌లు చేసుకోవాల్సిన ఏర్పాటు, దీనికి జనం అవగాహనతో పనేముంది? నెగెటివ్ వచ్చినవాళ్లకూ ఒక మాట చెప్పాలి. వైరస్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకదు, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించుకోవాలి. రిపోర్టు చేతిలో పెట్టి పంపించేస్తే ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేసుకునే కిట్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫారసు చేసింది. హెపటైటిస్ సి విషయంలో 2021లో అదే మాట చెప్పింది. కిట్‌లో పాజిటివ్ వస్తే ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి, నిజమే. కానీ మొదటి అడుగు తలుపు వేసుకుని వేయొచ్చు. హెచ్‌ఐవీకి క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతే, శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. భయంతో ఆగిపోయినవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇది. మీ వ్యాసంలో ఈ ముక్క లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంకొక్క విన్నపం. ఆ వ్యాసం పక్కన రెండు చేతుల్లో ముఖం దాచుకున్న మనిషి ఫొటో వేశారు. ఈసారి చొక్కా చెయ్యి పైకి మడిచి, నర్సుతో మాట్లాడుతూ రక్తం ఇస్తున్న మామూలు మనిషి ఫొటో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు