మెట్లు వేసే చేతులు

ఆక్రన్, ఒహాయో

వదినకు నమస్కారాలు.

తాగుడు మానేసి అన్నయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి పదకొండు రోజులైందని నిన్న ఫోనులో చెబుతూనే గొంతు తగ్గించేశారు. పక్కింటికి వినబడుతుందనేనా? రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నేనుండే ఈ ఊరి సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. 1935లో బిల్ అనే ఆయన పని మీద న్యూయార్క్ నుంచి ఇక్కడికి వచ్చాడు. పని చెడింది. తాగుడు మానేసి ఐదు నెలలైనా, హోటల్లో ఒంటరిగా ఉంటే మళ్లీ మనసు లాగింది. బారులోకి వెళ్లకుండా ఫోను అందుకుని, తనలా తాగుడుతో బాధపడేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారని వాకబు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ అనే సర్జన్. పావుగంట కంటే కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి మాట్లాడాడు. తర్వాత ఒకసారి మళ్లీ తాగాడు. జూన్ 10న ఆపరేషన్ చేయాల్సి వస్తే, వణుకు తగ్గాలని బిల్లే ఆయనకు ఒక బీరు ఇచ్చాడు. ఆయన తాగింది అదే ఆఖరు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన రోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. ఆ డాక్టరు ఇంటిని చూడటానికి వెళ్లినప్పుడు నాకు అన్నయ్య చేతులే కళ్ల ముందు మెదిలాయి.

పనస దుంగను తొలిచి చేసిన వీణ మీద మైనం పరిచి, 24 మెట్లూ ఒక్కొక్కటే అమర్చి, తీగ మీటి, చెవి ఒగ్గి, వెంట్రుకవాసి జరిపేవాడు. కిందటేడు నేను వచ్చినప్పుడు పొద్దున్నే ఉలి పట్టుకుంటే దాని మొన చెక్క మీద టకటక కొట్టుకుంది. ఒక్క గుక్క పడితే తగ్గుతుందన్నాడు. నిజంగానే తగ్గింది. ఒళ్లు అంతగా అలవాటు పడిపోయింది. అలాంటివాళ్లు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛ రావచ్చు, మతి తప్పవచ్చు. ఆసుపత్రిలో మాన్పించాలని మీరు పట్టుబట్టడం ఎంత మంచిదైందో!

అమ్మ తాగుడు మాన్పించే మాత్ర ఏదో కూరలో కలిపి పెట్టమంటోందన్నారు. వద్దు వదినా. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు రాస్తే, అన్నయ్యకు తెలిసే వేసుకోవాలి.

ప్రతి గురువారం నేనొక చర్చి కిందిగదికి వెళ్తున్నాను. తాగేవాళ్ల ఇంటివాళ్లు కూర్చునే చోటు అది. అల్-అనాన్ అంటారు. 1951లో దాన్ని ప్రారంభించినవాళ్లలో ఆ బిల్ భార్య ఒకరు. ఇంటిపేరు ఎవరూ అడగరు. నేను డబ్బు పంపడం వల్లే అన్నయ్య చెడిపోయాడని అక్కడ ఏడ్చాను. పక్కనున్న పెద్దావిడ నా మోచేయి పట్టుకుని, దానికి కారణం నువ్వు కాదు, అదుపు చేయడం నీ చేతిలో లేదు, నయం చేయడం నీ వల్ల కాదు అంది.

ఆ మూడు మాటలూ మీకు చేరాలనే ఇంత రాశాను. పెళ్లాం సరిగ్గా ఉంటే మగవాడు ఎందుకు తాగుతాడని మన హాల్లోనే ఒకరు అన్నప్పుడు నేను తలవంచుకుని కూర్చున్నాను. నన్ను క్షమించండి.

ఈ ఊళ్లో మొదలైంది ఇద్దరితోనే కదా. గొల్లపల్లిలో మూడేళ్ల కిందట తాగుడు మానేసిన వీణల పెద్ద మేస్త్రీని సాయంత్రాలు అన్నయ్య దగ్గరికి రమ్మని అడగండి. ఆరు నుంచి తొమ్మిది వరకే అసలు కష్టం. బుద్ధులు చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. మెట్లు వేయడానికి మళ్లీ అన్నయ్యనే పిలవమని నేను ఆయనతో మాట్లాడతాను. ఎప్పుడైనా జారితే ఇంట్లోంచి గెంటేయకండి, దాచనూ దాచకండి. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చెయ్యి చేసుకుంటే మాత్రం మీరూ పిల్లలూ వెంటనే మీ పుట్టింటికి వెళ్లిపోండి. ఎవరేమన్నా మీ వైపు నేనుంటాను.

14416 నంబరు గోడ మీద రాసుకోండి. టెలి మానస్, మనసు బాగోనప్పుడు ఫోను చేసే ప్రభుత్వ సహాయ కేంద్రం. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. అది మీ కోసం కూడా.

దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవానికి చుట్టాలంతా విజయనగరం చేరతారు, సీసాలూ తెస్తారు. ఆ రోజు మామయ్యను అన్నయ్య వెంటే ఉండమనండి. అమ్మవారిని చూసి చీకటి పడకముందే బొబ్బిలి బస్సు ఎక్కేయండి.

ఆదివారం పొద్దున్న ఫోను చేస్తాను. గొంతు తగ్గించకుండా మాట్లాడండి.

మీ మరిది