పెళ్లి బ్యాచ్‌లో మార్పులు: బరువు తగ్గించే నెల ప్యాకేజీ ఆపేస్తున్నాం

సభ్యులందరికీ నమస్కారం.

పెళ్లి కుదిరినవాళ్ల కోసం మా జిమ్‌లో నడుస్తున్న నెల రోజుల బరువు తగ్గింపు ప్యాకేజీ ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. దాని బదులు పెళ్లికి పన్నెండు వారాల ముందు మొదలై, పెళ్లయిన రెండు వారాలకు ముగిసే కొత్త బ్యాచ్ పెడుతున్నాం. ఎందుకు ఆపుతున్నామో, కొత్తదాంట్లో ఏం చేయిస్తామో, ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ల సంగతేమిటో అన్నీ ఇక్కడే రాస్తున్నాం.

వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గితే ఒంటికి ఇబ్బంది ఉండదు, తగ్గింది నిలుస్తుంది కూడా. నెలలో ఎనిమిది కిలోలు తగ్గించమంటే కడుపు మాడ్చడం తప్ప దారి లేదు. అలా మాడ్చిన మొదటి వారంలో బరువు జర్రున దిగడం చూసి అందరూ సంబరపడతారు కానీ, అందులో ఎక్కువ భాగం నీళ్లే. కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీళ్లూ పోతాయి, రెండు రోజులు మామూలుగా తింటే మళ్లీ వచ్చి చేరతాయి. ఆ తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

జుట్టు సంగతి ఇంకా ముఖ్యం, చాలామందికి ఇది ముందుగా ఎవరూ చెప్పరు. తిండి ఒక్కసారిగా బాగా తగ్గిస్తే వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. అవి ఊడేది అప్పుడు కాదు, రెండు మూడు నెలల తర్వాత. అంటే పెళ్లికి మూడు నెలల ముందు కఠినమైన డైట్ మొదలుపెట్టినవాళ్లకు సరిగ్గా పెళ్లి రోజుల్లో దువ్వెన నిండా జుట్టు వస్తుంది. తిండి సరిచేసుకుంటే చాలామందికి తిరిగి మొలుస్తుంది కానీ దానికి నెలలు పడుతుంది. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఇంత తెలిసీ ఆ ప్యాకేజీ అమ్మడం మాకు ఇష్టం లేదు.

కొత్త బ్యాచ్‌లో బరువు తగ్గాలనుకునేవాళ్లకు మొదటి ఆరు వారాలే సమయం. వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు. ప్రొటీన్ మీ బరువులో కిలోకు 1.6 గ్రాముల లెక్కన తీసుకోవాలి. 60 కిలోలున్నవాళ్లకు రోజుకు 96 గ్రాములు, మూడు నాలుగు పూటలకు పంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పెంచకండి. రోజూ పొద్దున ఒకే వేళకు బరువు చూసుకుని, వారం సగటు మాత్రమే రాసుకోండి. నెలసరికి ముందు ఆడవాళ్లలో నీరు చేరి కిలో, రెండు కిలోలు పెరిగినట్టు కనిపించడం మామూలే. ఆ వారాన్ని కిందటి నెలలో అదే వారంతో పోల్చాలి తప్ప, మొన్నటి వారంతో కాదు.

పెళ్లికి ముందు ఆఖరి ఆరు వారాల్లో బరువు లక్ష్యం అంటూ ఏదీ ఉండదు. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి 25 నిమిషాలే. బలం పెంచుకోవడానికి పట్టే శ్రమలో మూడో వంతు చేసినా ఉన్న బలం చాలాకాలం నిలుస్తుంది. షరతు ఒక్కటే, సెట్లు (ఆపకుండా ఒక విడతగా చేసేవి) తగ్గించవచ్చు కానీ ఎత్తే బరువు తగ్గించకూడదు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. తేలికైన డంబెల్స్ తీసుకుని గంటసేపు ఊపుతారు, అలసట మిగులుతుంది, బలం మిగలదు.

ఆ 25 నిమిషాలు ఇలా సాగుతాయి. నాలుగు నిమిషాలు వార్మప్. తర్వాత డంబెల్‌ని గుండెల దగ్గర పట్టుకుని స్క్వాట్ (కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం) 8 సార్లు, వెంటనే బెంచీ మీద ఒక చెయ్యి ఆనించి రో (రెండో చేతిలో డంబెల్‌ని నడుము వైపు పైకి లాగడం) ఒక్కో వైపు 8 సార్లు, ఒక నిమిషం విశ్రాంతి. ఇది మూడు రౌండ్లు. ఆ తర్వాత పుష్-అప్ 8 సార్లు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (డంబెల్స్ పట్టుకుని, వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం) 10 సార్లు, రెండు రౌండ్లు. పుష్-అప్ నేల మీద రాకపోతే చేతులు బెంచీ మీద పెట్టి చేయండి. చివర్లో మడమలు ఎత్తి దించడం 15 సార్లు, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని 30 సెకన్లు నడవడం రెండుసార్లు. ప్రతి సెట్టూ ఇంకో రెండు చేయగలం అనిపించినప్పుడే ఆపాలి. మొత్తానికి డంబెల్స్, బెంచీ చాలు కాబట్టి సాయంత్రం రద్దీలో ర్యాక్ (పెద్ద బరువుల స్టాండు) ఖాళీ అయ్యేదాకా నిలబడక్కర్లేదు.

తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడ: పనుల్లో పడి పది రోజులు రారు, వచ్చిన రోజు పోయిందంతా ఒక్కసారే రాబట్టాలని చూస్తారు. ఒళ్లు నొప్పులు అప్పటికప్పుడు తెలియవు, 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతాయి. మూడో రోజు మెట్లు దిగడమే కష్టమవుతుంది. వారం దాటి వచ్చినవాళ్లకు మొదటి రోజు సగం సెట్లే ఇస్తాం, దయచేసి ట్రైనర్‌తో వాదించకండి. పెళ్లికి పది రోజుల ముందు నుంచి కొత్త వ్యాయామం ఏదీ చేయించం. వర్కౌట్ తర్వాత కండరాలు వాచి, నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాకు ఫోన్ చేయడం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

పెళ్లిబట్టల కొలతలకూ వర్కౌట్‌కూ సంబంధం ఉంది. కిలో తగ్గితే నడుము దగ్గర సుమారు సెంటీమీటరు తగ్గుతుంది. ఆరు వారాల ముందు కొలతలిచ్చి, ఆ తర్వాత నాలుగు కిలోలు తగ్గితే నడుము దగ్గర వదులై వేలాడుతుంది. అందుకే ఆఖరి ట్రయల్ రెండు వారాల ముందు పెట్టుకోండి, కుట్టు లోపల కొంచెం బట్ట వదలమని టైలర్‌కి ముందే చెప్పండి. జిమ్ నుంచి నేరుగా కొలతలకు వెళ్లకండి. వ్యాయామం చేయగానే కండరాల్లోకి రక్తం చేరి చేతి చుట్టుకొలత ఎక్కువ చూపిస్తుంది. ట్రయల్‌లో నిలబడి అద్దం చూసుకోవడంతో సరిపెట్టకుండా కూర్చుని, వంగి, రెండు చేతులూ తలపైకి ఎత్తి చూడండి. కొత్త చెప్పులు మూడు వారాల ముందు నుంచే రోజు విడిచి రోజు ఇంట్లో 20 నిమిషాలు వేసుకుని తిరగండి. గంటల తరబడి నిలబడి అతిథులను పలకరించేటప్పుడు ముందు మొరాయించేవి పిక్కలే.

నిద్ర విషయంలో మేం గట్టిగానే ఉంటాం. చికాగో విశ్వవిద్యాలయంలో చేసి 2010లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో పది మందికి కేలరీలు తగ్గించి, రెండు వారాలు రాత్రి 8.5 గంటలు, మరో రెండు వారాలు 5.5 గంటలు పడకకు సమయం ఇచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు సుమారు 3 కిలోలే. కానీ అందులో కొవ్వు, ఎక్కువ నిద్రపోయినప్పుడు 1.4 కిలోలు, తక్కువ నిద్రపోయినప్పుడు 0.6 కిలోలు. రాత్రి ఐదు గంటలైనా పడుకోనివాళ్లకు ఆ రోజు బరువులు ఇవ్వం, 20 నిమిషాలు నడిచి వెళ్లిపోవచ్చు. కాఫీ, టీ మధ్యాహ్నం రెండు దాటాక మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇక ఇంటివాళ్ల సంగతి. ‘మా అమ్మాయి ఎన్ని కిలోలు తగ్గింది, మా అబ్బాయి నిన్న వచ్చాడా’ అని మా ట్రైనర్లకు ఫోన్లు వస్తున్నాయి. ఇకమీదట సభ్యుల బరువు, కొలతలు, హాజరు ఎవరికీ చెప్పం, అమ్మానాన్నలకైనా, కాబోయే భార్యాభర్తలకైనా. తోడుగా వచ్చే పెద్దలు ఖాళీగా కూర్చోకుండా అదే వేళకు నడక గుంపు పెడుతున్నాం. పది నిమిషాల నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్లు చొప్పున రెండు సెట్లు, మళ్లీ పది నిమిషాల నడక. బీపీ, మోకాళ్ల నొప్పి ఉంటే ముందే చెప్పండి.

ఇంట్లో గొడవలకు మా దగ్గర మందు లేదు కానీ, వర్కౌట్ వేళలు తినేసేవి అవే కాబట్టి ఒక పద్ధతి సూచిస్తాం. ఒక నోటుబుక్కులో పని, గడువు, ఖర్చు హద్దు రాసి, ఆ పనిలో ఆఖరి మాట ఎవరిదో కూడా రాయండి. ఆ చివరి గడి ఖాళీగా ఉన్న పనుల దగ్గరే మాటామాటా పెరుగుతుంది. పెళ్లి లెక్కలు వారానికి రెండు సాయంత్రాలు, అరగంట చొప్పునే మాట్లాడుకోండి, రాత్రి తొమ్మిది తర్వాత వద్దు. వర్కౌట్ అరగంటలో వచ్చే ఫోన్లు ఎత్తడానికి ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించండి. గొంతులు లేస్తే 20 నిమిషాలు విడిగా వెళ్లి, నాలుగు సెకన్లు గాలి పీల్చి ఆరు సెకన్లు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చోండి. ఊపిరి బిగబట్టక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, తినాలనిపించకపోవడం, దేనిమీదా ఆశ లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి, అది వ్యాయామంతో సర్దుకునే విషయం కాదు.

ఆఖరి బరువుల సెషన్ పెళ్లికి ఐదు రోజుల ముందు. ఆ తర్వాత నడక, స్ట్రెచింగ్ మాత్రమే. నీళ్లు మానేయడం, డీటాక్స్ టీలు తాగడం వద్దు. చాలా డీటాక్స్ టీల్లో విరేచనకారులు ఉంటాయి, నీరసించి కళ్లు తిరుగుతాయి. పెళ్లయ్యాక తిరిగొచ్చిన మొదటి రోజు ఒక్కో వ్యాయామానికి ఒకే సెట్, సగం బరువుతో.

పాత ప్యాకేజీకి డబ్బు కట్టినవాళ్లు మిగిలిన రోజులను కొత్త బ్యాచ్‌లోకి మార్చుకోవచ్చు, 45 రోజుల దాకా ఆపి ఉంచుకోవచ్చు, లేదా ఆ రోజులకు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఒక ట్రైనర్ దగ్గర నలుగురికి మించి పెట్టం కాబట్టి చోట్లు తక్కువ, సాయంత్రం వేళ దొరకనివాళ్లు పొద్దున వేళకు సిద్ధపడాలి. మారేందుకు వచ్చేటప్పుడు పెళ్లి తేదీ, ఆఖరి ట్రయల్ తేదీ, వాడుతున్న మందుల వివరాలు, పాత దెబ్బలుంటే అవి రాసుకుని రండి. ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కపెట్టే మీ వారాలు వేస్తాం.