కాలనీ గడ్డి మైదానం: జమా ఖర్చుల వివరణ

మన గడ్డి మైదానాన్ని కాపాడుకోవడానికి చందాలిచ్చిన అందరికీ నమస్కారం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు రోజు జరిగే తోలేళ్ల నాటి నుంచి సంక్రాంతి దాకా లెక్క ఇది.

కాలనీలో 112 ఇళ్ల నుంచి జమ అయింది రూ. 46,700. సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చిన మన పిల్లలు ఇచ్చింది 8,500. మైదానంలో ఆవుల్ని మేపుకునే పాలవాళ్లు, మేం అడక్కుండానే తమలో తాము పోగుచేసి తెచ్చింది 1,150. ఆ రోజు మాకు కొండంత ధైర్యం వచ్చింది. మొత్తం జమ 56,350.

ఖర్చులో పెద్దది వకీలు గారి ఫీజు, రూ. 25,000. ఇంత ఎందుకని కొందరు అడిగారు. అడగాల్సిందే. లేఅవుట్ ప్లానులో ఖాళీ స్థలంగా చూపించిన జాగాలో ఎవరో ప్లాట్లకి సున్నం గీతలు గీశాక, అర్జీలతో సరిపెట్టుకుంటే జాగా దక్కదనిపించింది. అందుకే హైకోర్టులో రిట్ వేశాం. బెంగళూరులో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన రిట్‌కి బలం ఆ తీర్పే. విచారణకి ఇంకా రాలేదు.

సమాచార హక్కు దరఖాస్తుకి రూ. 10 చాలు గానీ, ప్లాను నకళ్లు, జిరాక్సులు, రానుపోను ఛార్జీలు కలిపి 1,460 అయింది. సర్వేకి 3,500, 14 హద్దురాళ్లకి 6,300, పాతిన కూలి 2,800, బోర్డుకి 3,400.

చెత్త ఎత్తించడానికి ట్రాక్టరు ఆరు ట్రిప్పులు తిరిగింది, ట్రిప్పుకి 900. రెండింటికి రసీదు తీసుకోలేదు, అది మా తప్పే. ఆ 1,800 కమిటీవాళ్లమే వేసుకున్నాం. చందాల్లోంచి తీసింది 3,600.

మొత్తం ఖర్చు 46,060. నిల్వ 10,290.

ఈ నిల్వతో సిమెంటు ట్రాక్ వేయించమని ఒక మాట వచ్చింది. పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల ఇబ్బంది మాకు తెలుసు. అయినా ఒప్పుకోలేకపోయాం. చవితి పత్రికి గరిక, ఉత్తరేణి మనం కోసుకొచ్చేది అక్కడి నుంచే. తీతువు పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. తుపాను వానలకి మన వీధుల నీళ్లు పోయి ఇంకేదీ ఆ గడ్డిలోనే. నడవడానికి గడ్డి కోసి బాట తీస్తే సరిపోతుంది. ఆదివారం ఆ పని పెట్టుకున్నాం, వచ్చేవాళ్లు కొడవళ్లు తెచ్చుకోండి.

నిల్వ డబ్బు కేసు ఖర్చులకే ఉంచాం. రసీదు పుస్తకం, పాసుబుక్ అదే రోజు ఉదయం 7 నుంచి 9 దాకా రామాలయం అరుగు మీద ఉంటాయి. మీ పేరు ఎదుట అంకె తప్పుంటే చెప్పండి, అక్కడే దిద్దుతాం.